మళ్లీ పడినవారికి బల్ల: దక్షిణ రాయలసీమ సంఘాల్లో కృప, క్షమాపణ



ఈ స్మారకోపన్యాసం ఒక్క మనిషి పేరున జరగడం లేదు. ఈ సీమలో సువార్త పరిచర్య చేసి ప్రభువునందు నిద్రించిన తొలితరం ఉపదేశులను, బైబిలు స్త్రీలను తలచుకోవడానికి ఏర్పాటు చేసుకున్నది. మిషనరీ దొరల పేర్లు ఆసుపత్రుల మీద, బడుల మీద నిలిచాయి. పొద్దు వాలాక లాంతరు పట్టుకుని పల్లెపల్లెకూ నడిచి, పగలంతా కూలికి పోయి వచ్చినవాళ్లకు పది ఆజ్ఞలూ పరలోక ప్రార్థనా వల్లె వేయించిన వీళ్ల పేర్లు చాలావరకు ఏ రాతి మీదా లేవు. బాప్తిస్మం పొందినవాడు మళ్లీ పడిపోతే మొదట అతని గడప తొక్కింది వీళ్లే. అందుకే ఆ విషయమే ఈ వేళ మాట్లాడదలచాను.

సంఘకాపరి గదిలో తలుపు దగ్గరగా వేసి అడిగే ప్రశ్నల్లో దేవుడు ఉన్నాడా లేడా అన్నది అరుదు. ఎక్కువగా వినబడేది వేరు. "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్నాను. సాక్ష్యం చెప్పాను. మళ్లీ అదే పాపంలో పడ్డాను. ఒకసారి కాదు. ఇంకా ఎన్నిసార్లు క్షమిస్తాడు?" ఈ ప్రశ్నకు మనం వాక్యంతో జవాబు చెబుతాం. కానీ మన సంఘాల అలవాట్లు దానికి వేరే జవాబు చెబుతున్నాయి. బాప్తిస్మం తరువాత పడినవానికి దొరికే క్షమాపణ దేవుడు అయిష్టంగా ఇచ్చే మినహాయింపు కాదు. సంఘం ఉన్నదే దానికోసం. ఈ ఉపదేశం మన సీమకు తొలి పుస్తకాలతోనే వచ్చింది. తరువాత మన రిజిస్టర్లు, మన సిగ్గు, మన తీర్మానాలు దాన్ని కప్పేశాయి. ఈ మాటను చరిత్ర నుంచి మీ ముందు పెడతాను.

ప్రభురాత్రి భోజనం ఇచ్చే బల్ల ఆదివారం నాడు ఏ గుడిలోనైనా వెనక వరుసలు గమనించండి. ప్రసంగం ముగిసి, రొట్టెమీద కప్పిన తెల్లగుడ్డ తీసేసరికి కొందరు మెల్లగా లేచి బయటికి వెళతారు. చెప్పుల దగ్గర కాసేపు నిలబడి, ఎవరూ పలకరించకముందే వెళ్లిపోతారు. ఇంకొందరు కూర్చునే ఉంటారు. భార్య ముసుగు సరిచేసుకుని ముందుకు వెళుతుంది, భర్త తల వంచుకుని పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతుంటాడు. అయోగ్యంగా బల్లలో చెయ్యి పెట్టకూడదన్న భయం వాళ్లది. ఆ భయంలో భక్తి ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఏళ్ల తరబడి అలా లేచి వెళ్లేవాడిని వెనక్కి పిలిచే మనిషి లేకపోవడం సంఘానికి చెందిన పాపం.

ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. రెండో శతాబ్దంలో రోమాలో రాసిన హెర్మాస్ కాపరి గ్రంథం బాప్తిస్మం తరువాత ఒక్కసారి మాత్రమే పశ్చాత్తాపానికి చోటిచ్చింది. ఆ ఒక్క అవకాశమూ జారిపోతుందేమోనన్న భయంతో చాలామంది బాప్తిస్మాన్నే వాయిదా వేసుకుంటూ వచ్చారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్య మీద గాని బాప్తిస్మం పొందలేదు. 250లో డేషియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించి పత్రం తీసుకోవాలని ఆజ్ఞ వేసినప్పుడు క్రైస్తవులు పెద్ద సంఖ్యలో లొంగిపోయారు. హింస చల్లారాక వాళ్లే ఏడుస్తూ సంఘం తలుపు తట్టారు. చేర్చుకోవాలా, వద్దా? రోమాలో నొవేషియన్ వద్దన్నాడు. పవిత్రుల సంఘంలో అలాంటివాళ్లకు చోటు లేదని వేరుపడ్డాడు. కార్తేజు బిషప్పు సిప్రియన్ తేలిగ్గా చేర్చుకోవడానికీ ఒప్పుకోలేదు, తలుపు మూయడానికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోలు కావాలి, కొంతకాలం పశ్చాత్తాప జీవితం కావాలి, ఆ తరువాత బల్ల కావాలి అన్నాడు. మరో హింస రానున్నదని తెలియగానే గడువు పూర్తికానివాళ్లనూ చేర్చుకున్నాడు. రాబోయే పోరాటానికి బలం బల్ల దగ్గర దొరకాలి గదా అన్నది అతని వాదం. అతడే 258లో హతసాక్షి అయ్యాడు. 325లో నీకయా మహాసభ, చావు దగ్గరపడినవాడు అడిగితే ప్రభురాత్రి భోజనం నిరాకరించరాదని నియమం చేసింది. ఆ తరువాత ఆఫ్రికాలో డొనేటిస్టులు మళ్లీ పవిత్రుల సంఘమే కావాలని పట్టుబట్టినప్పుడు, ఈ లోకంలో సంఘం గోధుమలూ గురుగులూ కలిసి పెరిగే పొలమని అగస్టీన్ ప్రభువు ఉపమానాన్నే చూపించాడు. ఇంత పోరాటం మీద నిలిచిన సంగతిని ఈనాడు ఒక కమిటీ తీర్మానంతో మనం తిరగరాయలేం.

ఇక మన తెలుగుకు వద్దాం. 1517లో లూథర్ ప్రకటించిన 95 వాదాల్లో మొదటిది, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమేనని చెబుతుంది. 1529లో అతడు రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం ఒకనాడు జరిగి ముగిసేది కాదు. మనలోని పాత ఆదాము రోజూ మునిగి చావాలి, కొత్త మనిషి రోజూ లేవాలి. అందులోనే పాపపు ఒప్పుకోలును రెండు భాగాలుగా చెప్పాడు. మనం పాపం ఒప్పుకోవడం ఒకటి. ఎదుటి మనిషి నోటినుంచి వచ్చే క్షమాపణను దేవుని మాటగానే నమ్మి అందుకోవడం రెండోది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ ఈ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు చేసి 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాల్లో అదొకటి. మన లిపి అచ్చుయంత్రం ఎక్కిన తొలి రోజుల్లోనే, పడినవాడు రోజూ లేవవచ్చునన్న ఉపదేశమూ దానితోపాటు ఎక్కిందన్నమాట.

ఆ ఉపదేశంతోనే జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ నుంచి ఆగస్ట్ మిలియస్ 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టాడు. శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించిన ఆ పనికి లూథర్ ప్రశ్నోత్తరే ఆధారం. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ వేరు నుంచి వచ్చిందే. పడమటివైపు స్కడర్ కుటుంబం 1853లో స్థిరపరచిన ఆర్కాటు మిషన్ చిత్తూరులోనూ, 1863 నుంచి డాక్టర్ జాకబ్ చాంబర్లేన్ చేతుల మీదుగా మదనపల్లెలోనూ పాతుకుంది. చాంబర్లేన్ వైద్యుడు, తెలుగు పండితుడు, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్నవాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. వీళ్లందరికంటే ముందు, 18వ శతాబ్దపు తొలినాళ్లలోనే, ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు ప్రాంతంలో కథోలిక సంఘాన్ని నెలకొల్పి పాపసంకీర్తనం వింటూ వచ్చారు. శాఖలు వేరైనా, మన సీమకు వచ్చిన ప్రతి సంఘమూ పడినవాణ్ణి లేపే పద్ధతి ఒకటి వెంట తెచ్చుకుంది.

మరి ఆ పద్ధతి ఏమైంది? 1876-78 కరువులో రాయలసీమ పల్లెలు అల్లాడాయి. ఆ ఏళ్లలోనూ ఆ తరువాతా దళిత కుటుంబాలు గుంపులుగా సంఘాల్లో చేరాయి. గంజికోసం చేరారన్న నింద అప్పుడు మొదలై ఇప్పటికీ పోలేదు. కరువు తీరాక కొందరు వెనక్కి వెళ్లిన మాట నిజమే. జాతరకు, సారాకు, రెండో పెళ్లికి, భూస్వామి బెదిరింపుకు లొంగినవాళ్లూ ఉన్నారు. ఆ నింద పడనివ్వకూడదన్న పట్టుదల మిషన్లను క్రమశిక్షణవైపు నెట్టింది. రిజిస్టరులో పేరుకు ఎదురుగా గుర్తు పెట్టడం, బల్లకు దూరం పెట్టడం, పెద్దల ముందు తప్పు ఒప్పించడం వచ్చాయి. ఆ క్రమశిక్షణ మూలంగానే ఎన్నో ఇళ్లు సారానుంచి బయటపడ్డాయి. మా పెద్దలు ఆ కాలాన్ని గౌరవంగానే చెప్పేవారు. కానీ దూరం పెట్టడానికి తేదీ రాసినంత శ్రద్ధగా తిరిగి చేర్చుకోవడానికి తేదీ రాయలేదు. ఆడమనిషి పడితే ఆ మచ్చ మూడు తరాలు నిలిచింది, మగవాని తాగుడు మాత్రం చూసీ చూడనట్టు పోయింది. ఇదీ ఒప్పుకోవలసిన పాపమే.

ఈ సందర్భంలో పేతురు సంగతి కొంత నెమ్మదిగా చూడాలి. కోడి కూయకముందు మూడుసార్లు బొంకిన పేతురును మనం తరచూ ప్రసంగిస్తాం. తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పుల దగ్గర ప్రభువు అతన్ని మూడుసార్లు అడిగి, మళ్లీ గొర్రెలను అప్పగించడంతో ఆ కథ ముగిస్తాం. పెంతెకొస్తు తరువాత పేతురు ఇక పడలేదన్నట్టు వింటాం. గలతీ పత్రిక రెండో అధ్యాయం అలా అనదు. యొప్పేలో మేడమీద దర్శనం చూసి, కొర్నేలి ఇంట్లో అన్యజనులతో కలిసినవాడు, అంతియొకయలో వాళ్లతో ఒక పంక్తిలో భోజనం చేస్తూ ఉన్నవాడు, యెరూషలేమునుంచి కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గాడు. వాళ్లతో కలిసి తినడం మానుకున్నాడు. పౌలు అందరి ముందు అతన్ని నిలదీశాడు.

పేతురు రెండోసారి పడింది పంక్తి భోజనం దగ్గర. కులం ఉన్న నేలమీద నిలబడి ఈ అధ్యాయం చదివేవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కులాన్ని సంఘంలో ఉండనివ్వరాదని తీర్మానించింది. ఆర్కాటు మిషన్ ఆ విషయంలో మొదటినుంచీ కఠినంగానే ఉంది. కలిసి భోంచేయడానికీ, ఒకే గిన్నెలోనుంచి తాగడానికీ ఒప్పుకున్నవాడే సభ్యుడు. అలా పుట్టిన సంఘాలకు వారసులమైన మన మధ్య ఈనాటికీ ఆది ఆంధ్రవాడ గుడి వేరు, అరుంధతివాడ గుడి వేరు అన్న ఊళ్లు ఉన్నాయి. సమాధి తోటలో కూడా గట్లు ఉన్నాయి. పెళ్లి సంబంధం దగ్గర బాప్తిస్మం గుర్తుకు రాదు. తాగుబోతును వెనకజారినవాడు అంటాం. మరి ప్రతి తరంలోనూ ఇదే పాపంలో పడుతున్న సంఘాన్ని ఏమనాలి? పదేపదే పడి క్షమాపణ వెతుక్కోవలసినది ఒంటరి విశ్వాసి మాత్రమే కాదు. మన సంఘాలు కూడా ఆ వెనక వరుసలో కూర్చోవలసినవే.

పౌలు నిలదీసినప్పుడు పేతురు ఏమన్నాడో పత్రికలో లేదు. అయితే పేతురు పేరున ఉన్న రెండో పత్రిక పౌలును ప్రియ సహోదరుడని తలచుకుంటుంది. తనను అందరిముందూ గద్దించినవాణ్ణి ఆ మాటతో తలచుకోవడాన్ని సంఘం తన గ్రంథంలో భద్రం చేసుకుంది. గద్దింపు ఉంది, సహోదరత్వమూ తెగలేదు. మనలో గద్దించేవాడు బంధం తెంచుకుంటాడు, బంధం కావాలనుకున్నవాడు గద్దించడు. రెండూ ఒక మనిషిలో ఉండాలని అంతియొకయ మనకు నేర్పుతుంది.

ఈ సీమకు తన తప్పు తాను చెప్పుకునే నోరు క్రైస్తవంతో కొత్తగా రాలేదు. శ్రీకాళహస్తిలో ధూర్జటి తన శతకంలో రాజసేవనూ భోగాలనూ పట్టుకు వేలాడిన తన మనసును ఈశ్వరుని ఎదుట నిలబెట్టి తిట్టుకున్నాడు. తాళ్లపాక అన్నమాచార్యుల ఆధ్యాత్మ సంకీర్తనల్లో చెప్పినమాట వినని మనసు గురించిన మొర అడుగడుగునా ఉంది. విభీషణ శరణాగతిని వ్యాఖ్యానించిన వైష్ణవాచార్యులు, శరణన్నవాని గతం చూడవద్దన్న రాముని నిశ్చయాన్ని తరతరాలుగా చెబుతున్నారు. మా విశ్వాసమూ వారి విశ్వాసమూ ఒకటేనని నేను అనడం లేదు. క్రైస్తవులు క్షమాపణను క్రీస్తు సిలువలో చూస్తారు, ఆ భేదాన్ని చెరపడం ఎవరికీ మర్యాద కాదు. కానీ మన పక్కింటివారు ఈ నోటిని ఇంత బాగా ఎరిగి ఉండగా, మన గుళ్లలో మనిషి తన ఓటమి చెప్పుకోలేకపోతే ఆ కొరత మనదే. 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనల్లో ఆ నోరు క్రైస్తవంలోకి వచ్చింది. ఆ పశ్చాత్తాప కీర్తనలను మనం శ్రమకాలంలో పాడతాం. రాగం చక్కగా పాడతాం. పాడుతున్నది మన సంగతేనని మాత్రం మరిచిపోతాం.

ఆ నోరు ఒకసారి పెద్దగా తెరుచుకుంది. వేల్సు దేశపు ఉజ్జీవ వార్తలు చేరాక, 1906 ప్రాంతంలో తెలుగు బాప్టిస్టు సంఘాల్లో మిషనరీలూ ఉపదేశులూ కూడా బహిరంగంగా ఏడ్చి తప్పులు ఒప్పుకున్నారు. ఆ కాలానికి నేను కృతజ్ఞుణ్ణి. దాని తరువాత పెరిగిన ఒక అలవాటు గురించి మాత్రం నాకు బెంగ ఉంది. ఉజ్జీవ కూటాల్లో చెయ్యెత్తడం, ముందుకు రావడం, తీర్మానం చేయడం ప్రతి ఏడూ జరిగే పని అయింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన తలచుకోండి. పన్నెండు కొట్టబోయేముందు దీపాలు తగ్గించి, అందరూ మోకాళ్లూని, ఇక తాగను, ఇక ఆ స్నేహం చేయను, ఇక వడ్డీకి తిప్పనని దేవునికి మాట ఇస్తారు. గంట మోగుతుంది. పళ్లెంలోనుంచి బైబిలు వాక్యం ఉన్న వాగ్దానం కార్డు తీసుకుని, కేకు ముక్క తిని ఇళ్లకు వెళతారు. సంక్రాంతి వెళ్లేలోపు ఆ మాట తప్పిపోతుంది. అప్పుడు ఆ మనిషికి రెండు పాపాలు కనబడతాయి. పాతదొకటి, దేవునికి ఇచ్చిన మాట తప్పినదొకటి. ఆ రెండోదే అతన్ని గుడికి దూరం చేస్తుంది. తన తీర్మానం మీద నిలబడినవాడు తీర్మానంతోపాటే కూలిపోతాడు. కార్డు మీద ఉన్నది దేవుడు ఇచ్చిన మాట అని, అతని చెయ్యి జారినా ఆ మాట జారదని, జనవరిలో ఎవరైనా అతని ఇంటికి వెళ్లి చెప్పాలి.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం మనకు ఈ విషయంలో చాలా నేర్పగలదు. పలు మిషన్లు కలిసి కట్టిన క్షయ శానిటోరియం అక్కడ 1915లో తెరుచుకుంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940ల్లో. అంతకుముందు గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, నెలల తరబడి ఓపిక, ఇవే వైద్యం. క్షయ తిరగబెట్టే జబ్బు. నయమై ఇంటికి వెళ్లినవాడు ఏడాదికో రెండేళ్లకో దగ్గుతూ తిరిగి రావడం వైద్యులు ఎరిగిన సంగతే. జబ్బు తిరగబెట్టిందని రోగిని గేటు దగ్గరే ఆపితే అది ఆసుపత్రి కాదు. తిరిగి వచ్చినవాడికి ఇంకా దగ్గరి పరీక్ష, ఇంకా ఎక్కువ రోజుల మంచం కావాలి. మిషన్లు శరీరం విషయంలో ఇంత స్పష్టంగా ఎరిగి, ఒక ఊరంత ఆసుపత్రి కట్టాయి. ఆత్మ విషయంలో తిరగబెట్టినవాణ్ణి మాత్రం మనం వాడికి మారుమనస్సే రాలేదని తేల్చి పంపేస్తున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను. 1937లో జర్మన్ వేదాంతి దీట్రిచ్ బోన్‌హోఫర్ శిష్యత్వం గురించి రాస్తూ, వెల లేకుండా పంచే చవక కృప సంఘానికి శత్రువని హెచ్చరించాడు. తాగి వచ్చి భార్యను కొట్టినవాడు ఆదివారం కన్నీళ్లు పెట్టుకుంటే, క్షమించమ్మా, సర్దుకుపోమ్మా అని ఆమెనే ఒత్తిడి చేసే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. దేవుడు అతన్ని క్షమించగలడు. ఆ క్షమాపణ ఆమెను మళ్లీ ఆ దెబ్బల కిందికి పంపే అధికారం ఎవరికీ ఇవ్వదు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇచ్చాడు. సంఘపు డబ్బు వాడుకున్నవాడు లెక్క చెప్పాలి, బాధ్యతలోనుంచి తప్పుకోవాలి. పిల్లల పట్ల తప్పు చేసినవాడు చట్టం ముందు నిలబడాలి. క్షమాపణ పొందినవాడు ఈ పనులు చేయగలడు. శిక్షకు భయపడి దాచుకునేవాడికి అవి చేతకావు.

ఆ బోన్‌హోఫరే 1939లో, ఫింకెన్‌వాల్డేలో విద్యార్థులతో కలిసి బతికిన అనుభవం నుంచి, సహోదరుని ఎదుట పాపం ఒప్పుకోవడం గురించి రాశాడు. పాపం మనిషిని ఒంటరిని చేస్తుంది, ఒంటరితనం పాపాన్ని బలపరుస్తుంది, ఇంకొక మనిషి విన్నప్పుడు ఆ పట్టు వదులుతుంది అన్నది అతని అనుభవం. మన తొలితరం ఉపదేశులు ఆ పుస్తకం చదవలేదు. కానీ రాత్రి ఇంటికి వెళ్లి, మంచం కోళ్ల దగ్గర చాప మీద కూర్చుని, వాళ్లు చేసింది అదే పని.

నా మనవి పెద్దది కాదు. బల్ల ఆదివారానికి ముందు సిద్ధపాటు కూటం మన సంఘాల్లో పూర్వం ఉండేది. చాలాచోట్ల అది కమిటీ మీటింగుగా మారింది, కొన్నిచోట్ల లేనే లేదు. దాన్ని మళ్లీ నిలబెట్టాలి. ఆ సాయంత్రం సంఘకాపరి గది తెరిచి ఉండాలి. ఎవరు వచ్చినా వినాలి, విన్నది ఆ గది దాటకూడదు, క్షమాపణ మాటను పేరు పెట్టి, పైకి చెప్పాలి. స్త్రీలు చెప్పుకోవడానికి అనుభవమున్న తల్లులను ఏర్పాటు చేయాలి. రిజిస్టరులో బల్లకు దూరం పెట్టినవారి పేర్లు తీసి, ఒక్కొక్క ఇంటికీ ఈ ఏడే వెళ్లాలి. రెండు వాడల సంఘాలున్న ఊళ్లలో ఈ శ్రమకాలంలోనే ఒక బల్ల కలిసి తీసుకోవాలి. దానికి ముందు ఒప్పుకోలు చేసేది మొదట పెద్దలు, సంఘకాపరులు కావాలి. తిరుపతిలోని మన సంఘాలు ఒప్పుకుంటే ఈ పని ఏ ఊళ్లో మొదలుపెట్టాలో ఈ సభ ముగిశాక కూర్చుని మాట్లాడుకుందాం. నేను ఉంటాను.